కోపం రాకూడదని ప్రమాణం చేసిన గోల్ఫ్ ఆటగాడు: ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని పెద్దమనిషి అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆయనను ఆనవాలు పట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను. నేను తిరుపతిలో కౌన్సెలింగ్ చేసే సైకాలజిస్టును. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ప్రవేశ పరీక్షల భయంతో నిద్ర చెడగొట్టుకున్న పిల్లలు, వారికంటే ఎక్కువ భయపడే వారి తల్లిదండ్రులు. అప్పుడప్పుడు ఒక షటిల్ ఆటగాడో, చదరంగం ఆడే అమ్మాయో వస్తారు. గోల్ఫ్ ఆడేవారు రావడం అరుదు. మా తిరుపతి, చిత్తూరు వైపు ఆ ఆట మీద మోజున్న వ్యాపారులు ఉన్నారు గాని, ఆడడానికి ఎక్కువగా బెంగళూరుకో చెన్నైకో వెళ్తుంటారు.

వచ్చిన ఫిర్యాదు

ఆయనకు యాభై రెండేళ్లు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. తోతాపురి కాయ దిగే మే నెలాఖరు నుంచి జూలై దాకా ఆయనకు రాత్రీ పగలూ తేడా ఉండదు. మిగతా ఏడాదంతా వీలైన ఆదివారమల్లా పలమనేరు, ములబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు వెళ్లి గోల్ఫ్ ఆడతారు. ఎగుమతి వ్యాపారంలో పరిచయమైనవారు కొన్నేళ్ల క్రితం సరదాగా చేతికి క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) ఇచ్చారు. ఆ ఆట పిచ్చి అప్పుడే పట్టుకుంది. కోపం కూడా దానితోపాటే వచ్చింది.

నాకు ఫోను చేసింది ఆయన భార్య. "ఆదివారం సాయంత్రం కారు తలుపు వేసిన చప్పుడును బట్టి మా పిల్లలు స్కోరు చెప్పేస్తారు మేడమ్. వంద దాటిందంటే ఆ రాత్రి ఇంట్లో టీవీ కూడా పెట్టం" అన్నారు. గోల్ఫ్‌లో స్కోరంటే కొట్టిన దెబ్బల లెక్క, ఎంత తక్కువైతే అంత మంచిది. ఆవిడ నవ్వుతూనే చెప్పారు. ఫోను చేయడానికి కారణం మాత్రం నవ్వే విషయం కాదు. అంతకు ముందు వారం ఆయన విసిరిన ఐరన్ క్లబ్బు, క్లబ్బుల సంచీ మోసే క్యాడీ కాళ్లకు జానెడు దూరంలో పడింది. గోల్ఫ్ నియమాల ప్రకారం తీవ్రమైన దుష్ప్రవర్తనకు ఆటగాడిని పోటీ నుంచే తొలగించే అధికారం కమిటీకి ఉంటుంది. అది పోటీ కాదు కాబట్టి మందలింపుతో పోయింది. ఆయనకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుంటూనే, "నాకు కోపం రాకుండా చేయండి మేడమ్, మిగతా ఆట నేను చూసుకుంటాను" అన్నారు. ఆ తర్వాత కాస్త తటపటాయించి అసలు విషయం చెప్పారు. ఆయన కాణిపాకంలో ప్రమాణం చేసి వచ్చారు.

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందు చేసిన ప్రమాణం ఎంత బరువైనదో మా జిల్లాల్లో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. తాగుడు మానేస్తానని, తీసుకున్న బాకీ తీర్చేశానని, దొంగతనం తన పని కాదని అక్కడ ప్రమాణాలు జరుగుతూనే ఉంటాయి. ఈయన గోల్ఫ్ ఆడేటప్పుడు తనకు ఇక కోపం రాదని ప్రమాణం చేశారు. తర్వాతి ఆదివారం మూడో హోల్‌లో (ఒక్కో గుంత కోసం ఆడే అంచెను హోల్ అంటారు) బంతి నీళ్లలో పడింది. కోపం వచ్చింది. ప్రమాణం తప్పినందుకు భయం వేసింది. ఆ భయంలో ఆడిన ఆట మరీ అధ్వాన్నమై, మళ్లీ కోపం వచ్చింది. తొమ్మిదో హోల్ దగ్గర ఆట మానేసి ఇంటికి బయలుదేరారు.

నేను ఈ కేసంతటా పట్టుకున్న దారి ఆ రోజే తేలిపోయింది. కోపం రాదని ఎవరూ మాట ఇవ్వలేరు. క్లబ్బు విసరనని ఇవ్వవచ్చు. మొదటిది మన చేతిలో లేదు, రెండోది ఉంది. ఆయన భక్తిని పక్కకు నెట్టే ఉద్దేశం నాకు లేదు. "మీరు స్వామికి ఏ మాట ఇచ్చారో సరిగ్గా అదే మాటల్లో రాసుకు రండి" అని మాత్రం అడిగాను. రాసుకుని వచ్చి, చదివి, తానే అన్నారు: "ఇది నిలబెట్టుకోగలిగిన మాట కాదు." కొన్నాళ్ల తర్వాత ఆయన మళ్లీ కాణిపాకం వెళ్లారు. ఈసారి ఇచ్చిన మాట చిన్నది: క్లబ్బు విసరను, క్యాడీని తిట్టను. దాన్ని ఇంతవరకు తప్పలేదు.

ఈ ఆటలో కోపానికి చోటెక్కువ

గోల్ఫ్ తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. పద్దెనిమిది హోల్స్ పూర్తి కావడానికి నాలుగు గంటలకు పైనే పడుతుంది. ఒక్కో స్వింగుకు పట్టేది సెకనున్నర. తొంభై దెబ్బలు కొట్టే ఆటగాడు బంతిని నిజంగా కొడుతున్న సమయమంతా కూడితే రెండు నిమిషాలు దాటి కొంచెం. మిగిలినదంతా నడక, నిరీక్షణ, ఆలోచన. క్రికెట్‌లో సిక్సర్ ఇచ్చుకున్న బౌలరు నిమిషం తిరగకుండా మళ్లీ పరుగెత్తాలి. కబడ్డీలో కోపం ఒంట్లో నుంచి చెమటగా అయినా బయటికి పోతుంది. ఇక్కడ బంతి కదలకుండా నేల మీద పడి ఉంటుంది. దాన్ని ఎవరూ మన మీదికి విసరలేదు, అంపైరు తప్పు చేయలేదు, జతగాడు క్యాచ్ వదలలేదు. నింద వేయడానికి మనిషి దొరకడు. పోయిన దెబ్బను తలచుకుంటూ నాలుగైదు నిమిషాలు నడవాలి. ఆ నడకలోనే కోపం ముదురుతుంది.

బాబీ జోన్స్ కథ ఆయనకు చెప్పాను. ఆ అమెరికన్ ఆటగాడు కుర్రతనంలో క్లబ్బులు విసరడంలో పేరుమోసినవాడు. 1921లో సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్ మూడో రౌండ్‌లో ఒళ్లు మండి, పదకొండో హోల్ దగ్గర ఆట వదిలేశాడు. అదే మనిషి 1925 యూఎస్ ఓపెన్‌లో, తన బంతి కదిలిందని మరెవరూ చూడకపోయినా, తనకు తానే ఒక స్ట్రోకు (దెబ్బ) జరిమానా వేసుకుని, చివరికి ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. 1930లో నాటి నాలుగు పెద్ద పోటీలనూ ఒకే ఏడాది గెలిచాడు. ఇది విన్నాక మా పెద్దమనిషి ముఖం తేటపడింది. తనకున్నది కొత్త జబ్బేమీ కాదని తెలియడమే కొందరికి సగం చికిత్స. ఆ జరిమానా సంగతి మాత్రం ఆయనకు మరో విధంగా తగిలింది. "ఆయనకు కాణిపాకం అక్కరలేదన్నమాట" అన్నారు.

స్కోరుకార్డుల ఫైలు

వ్యాపారస్తులతో ఒక సుఖముంది, వారు కాగితాలు పారేయరు. స్కోరుకార్డులన్నీ ఫైలు చేసి ఉంచుకున్నారు. మొత్తం స్కోరును వదిలేసి, ఒక్కో కార్డులో అన్నిటికంటే చెడ్డ హోల్ ఎక్కడుందో, దాని పక్క గడిలో ఏముందో చూశాను.

ఒక కార్డు ఇక్కడ వివరంగా చెబుతాను. ఐదో హోల్ పార్ 4, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సినది. బంతి బంకరులో పడింది, ఇసుకలోంచి రెండు దెబ్బలకూ లేవలేదు, మొత్తం 8 అయింది. ఆరోది కూడా పార్ 4, పొట్టి హోలే. ఎడమ పక్క చెట్లు, వాటి వెనుక సరిహద్దు. నెమ్మదిగా ఒక ఐరన్‌తో కొట్టి, మరో చిన్న దెబ్బతో గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) చేరవచ్చు. ఆయన డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు) తీశారు. బంతి సరిహద్దు దాటింది. అలా దాటితే ఒక స్ట్రోకు జరిమానా పడడమే కాదు, మళ్లీ మొదటి చోటి నుంచే కొట్టాలి, అంటే తర్వాతిది మూడో దెబ్బ. ఆయన మళ్లీ డ్రైవరే తీశారు. అదీ చెట్లలోకే పోయింది. ఆరో గడిలో 9 అంకె ఉంది. పెన్సిలు మొన అక్కడ కాగితాన్ని చీల్చేసింది.

"ఐదో హోల్‌లో ఏమైంది?" అని అడిగితే పది నిమిషాలు చెప్పారు. ఇసుక తడిగా ఉంది, పక్కవాడు మాట్లాడాడు, క్లబ్బు ముఖం ఎక్కువ తెరుచుకుంది. "ఆరో హోల్‌లో డ్రైవర్ ఎందుకు?" అని అడిగితే ఒక్క మాట రాలేదు. చాలాసేపటికి, "పోయినవి అక్కడే లాక్కోవాలనిపించింది" అన్నారు.

ఫైలు తిరగేస్తే ఇదే వరస మళ్లీ మళ్లీ కనిపించింది. చెడ్డ దెబ్బ వల్ల ఆయన పోగొట్టుకునేది ఒకటో రెండో స్ట్రోకులు. దానికి కక్ష తీర్చుకోబోయి పోగొట్టుకునేది అంతకు మించి. కోపం ఆయన స్వింగును చెడగొట్టడానికి ముందే, ఏ క్లబ్బు తీయాలన్న తీర్పును చెడగొడుతోంది. ఆట పాడయ్యేది బంతి దగ్గర అని అందరూ అనుకుంటారు. ఈయనకు అది సంచీ దగ్గరే పాడవుతోంది.

తీర్పు చెడడానికి కోపమే ఉండాలన్న నియమం కూడా లేదు. 1999లో కార్నూస్టీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ చివరి హోల్‌కు వచ్చేసరికి మూడు స్ట్రోకుల ఆధిక్యంలో ఉన్నాడు. ఆ పార్ 4 హోల్‌ను ఆరింటిలో ముగించినా విజేత అతనే. డ్రైవర్ తీశాడు. రెండో దెబ్బ ప్రేక్షకుల స్టాండుకు తగిలి వెనక్కి వచ్చి గుబురు గడ్డిలో పడింది. మూడోది వాగులో పడింది. బూట్లు, సాక్సులు విప్పి నీళ్లలోకి దిగాడు కూడా. చివరికి ఏడింటితో బయటపడి, ప్లేఆఫ్‌లో పాల్ లారీ చేతిలో ఓడిపోయాడు. అతను కోపంతో ఊగిపోలేదు. గెలుపు ఊపులోనూ చేయి డ్రైవర్ మీదికే పోగలదని మా పెద్దమనిషికి చూపించడానికి ఈ కథ వాడుకున్నాను.

ముందు నిద్ర, తిండి

మనసు గురించి మాట్లాడేముందు ఒంటి సంగతి తేల్చుకోవాలి. రక్తపోటు, థైరాయిడ్, చక్కెర పరీక్షలు చేయించుకు రమ్మన్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. శనివారం అర్ధరాత్రి దాకా ఫ్యాక్టరీలో ఉండి, రెండు గంటలు కునుకు తీసి, మూడింటికి కారెక్కి, ఏమీ తినకుండా ఏడింటికి మొదటి టీ (హోల్‌లో తొలి దెబ్బ కొట్టే చోటు) మీద నిలబడుతున్నారు. తొమ్మిది హోల్స్ తర్వాత ఒక బీరు. ఇలా ఆడితే యోగికైనా కోపం వస్తుంది. శనివారం సాయంత్రమే బెంగళూరు చేరడం, పొద్దున ఇడ్లీ తినడం, బీరు ఆట ముగిశాకే. నీతి కోసం చెప్పింది కాదు, మద్యం మనసుకున్న బ్రేకును వదులు చేస్తుంది కాబట్టి చెప్పాను. ఈ మూడు మార్పులకే ఆదివారాలు సగం చల్లబడ్డాయని ఆయన భార్య చెప్పారు.

ఆట స్నేహితుడొకరు, చేతి వణుకు తగ్గడానికి బీటా బ్లాకర్ మాత్ర వేసుకోమని ఆయనకు సలహా ఇచ్చారట. వద్దన్నాను. డాక్టరు రాయకుండా వాటిని వేసుకోవడం ప్రమాదం. పైగా డోపింగ్ నిబంధనల్లో గోల్ఫ్ పోటీల సమయానికి నిషేధించిన మందుల్లో అవీ ఉన్నాయి. ఈయన స్థాయి ఆటలో ఎవరూ పరీక్ష చేయరన్నది నిజమే. మాత్రతో నిలబడిన చేయి, మాత్ర లేని రోజున రెట్టింపు భయపెడుతుందన్నది నా అసలు అభ్యంతరం.

చేతి తొడుగు

కోపం వస్తోందని తెలిసేలోపే వచ్చేస్తుందని ఆయన వాదన. ఇది అందరి వాదనే. ముందస్తు గుర్తు ఏదో ఒకటి తప్పక ఉంటుంది, అది మనకంటే పక్కవారికి ముందు కనబడుతుంది. ఆయన ఆటను చూడడానికి ఒక ఆదివారం నేనూ బెంగళూరు వెళ్లాను. మొదటి కొన్ని హోల్స్‌లో నాకేమీ పట్టుబడలేదు. పట్టిచ్చింది ఆయన క్యాడీ. కోలారు వైపు కుర్రవాడు, తెలుగు బాగా వచ్చు. నేను అడగగానే ఏమీ ఆలోచించకుండా చెప్పాడు: "సార్ గ్లవ్ పట్టీ లాగుతారు మేడమ్. ఒకసారి లాగితే మామూలు. మూడోసారి లాగారంటే నేను రెండడుగులు వెనక్కి జరుగుతాను."

తర్వాత చూస్తే అంతే. చెడ్డ దెబ్బ పడిన వెంటనే ఎడమ చేతి తొడుగు పట్టీని చర్రున లాగడం, అంటించడం, మళ్లీ లాగడం. ముఖం ఎర్రబడడానికి, నోరు లేవడానికి ముందే ఈ చప్పుడు మొదలవుతోంది. ఆయనకు ఈ సంగతి బొత్తిగా తెలియదు.

పని అక్కడి నుంచి మొదలుపెట్టాం. పట్టీ చప్పుడు రెండోసారి వినబడితే తొడుగు పూర్తిగా తీసి వెనుక జేబులో పెట్టుకోవాలి. క్లబ్బును గట్టిగా ఐదు లెక్కపెట్టేంతసేపు పిడికిలి బిగించి పట్టుకుని, వదిలి, సంచీలో పెట్టాలి. ఇంతసేపూ ఎంత కోపమైనా పడవచ్చు. లోలోపల తిట్టుకోవచ్చు. క్లబ్బు సంచీలో పడిందంటే ఆ దెబ్బ ముగిసినట్టు. టైగర్ వుడ్స్ తన కోపానికి పది అడుగుల హద్దు పెట్టుకున్న సంగతి గోల్ఫ్ ఆడేవారందరూ ఎరిగినదే. ఈయన అడుగులు లెక్కపెట్టే రకం కాదు, అందుకని సంచీని హద్దు చేశాం.

కోపాన్ని ఎందుకు పడనివ్వాలని ఆయన మొదట అడిగారు. అంతకు ముందు ఆయన పైకి నవ్వుతూ లోపల అణచుకుని చూశారు, పని కాలేదు. భావాన్ని ముఖంలో కనబడనీయకుండా నొక్కిపెట్టినవారికి లోపలి అలజడి తగ్గదని, కొన్ని విధాల ఇంకా పెరుగుతుందని జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ 1990లలో చేసిన ప్రయోగాల్లో తేలింది. పోనీ విసిరి, కొట్టి, అరిచి కక్కేస్తే పోతుందా అంటే, బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో, తమను రెచ్చగొట్టినవాడిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను గుద్దినవారికి కోపం ఇంకా పెరిగింది. అణచినా చిక్కే, కక్కినా చిక్కే. వచ్చినదాన్ని వచ్చినట్టు గుర్తించి, దానికి ఒక చోటు, ఒక గడువు ఇవ్వడం మేలని నా అనుభవం.

నడకలో ఊపిరి సాధన పెట్టాను. మూడు అడుగులు పీల్చడం, ఐదు అడుగులు వదలడం. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం తగ్గుతుంది. మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం పని అది. దీన్ని కోర్సు మీద మొదలుపెట్టవద్దని, ఇంటి దగ్గర సాయంత్రపు నడకలో అలవాటు చేసుకోమని గట్టిగా చెప్పాను. కోపం వచ్చినప్పుడే మొదటిసారి ఊపిరి లెక్కపెట్టబోయేవారికి ఆ లెక్క మీదే కోపం వస్తుంది.

తర్వాతి దెబ్బకు ఒకే నియమం. దెబ్బ చెడితే, ఆ వెంటనే వచ్చేది డ్రైవర్ కాదు, ఏడో నంబరు ఐరన్. అది ఆయనకు బాగా కుదిరిన క్లబ్బు. ఎంత దూరం పోయిందన్నది లెక్క కాదు, బంతి ఫెయిర్‌వే (గ్రీన్ వైపు సాగే కత్తిరించిన పచ్చిక) మీద ఉండాలి. ఇలాంటి నిర్ణయాన్ని కోపం రాని రోజున, ఇంట్లో కూర్చుని తీసుకోవాలి. ఆటలో అమలు చేయడమే మిగలాలి. ఇది వినగానే ఆయన, "మా దగ్గర ఒక లాటు పులిసిందంటే లైను ఆపం మేడమ్. దాని మీద చీటీ అంటించి పక్కన పెడతాం, తర్వాతి లాటులో కలవకుండా చూస్తాం. ఎందుకు పులిసిందో సాయంత్రం ల్యాబులో చూసుకుంటాం" అన్నారు. నేను అన్నిరోజులుగా చెబుతున్నది ఆయన తన ఫ్యాక్టరీ భాషలో రెండు ముక్కల్లో చెప్పేశారు. ఆ తర్వాత మా మాటల్లో చెడ్డ దెబ్బకు "లాటు" అనే పేరు స్థిరపడింది. స్కోరుకార్డు అంచున చిన్న గీత గీసి వదిలేస్తారు. ఆలోచన సాయంత్రానికి.

క్యాడీ పాత్ర ఇందులో సున్నితమైనది. డ్రైవర్ ఇవ్వకుండా ఏడో నంబరు ఐరన్ అందించమని ఆయన ఆ కుర్రవాడికి చెప్పారు. అతను తల ఊపాడు గాని, మొదటి ఆదివారం డ్రైవరే ఇచ్చాడు. జీతమిచ్చే మనిషి కోపంలో చేయి చాపితే కాదనగలిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? ముందు జరిగినదానికి క్షమాపణ చెప్పకుండా అతని సాయం కోరడం కుదరదని నేను అన్నాను. ఆయనకు అది కష్టమైంది. ఒక ఉదయం ఆటకు ముందు, టీ దుకాణం దగ్గర, "ఆ రోజు నేను చేసింది తప్పు, మనసులో పెట్టుకోకు బాబూ" అన్నారట. ఆ కుర్రవాడి జవాబు నాకు భలే నచ్చింది: "పర్వాలేదు సార్. బంతి పోయినప్పుడు నా వైపు చూడకండి, చాలు." అప్పటి నుంచి చెడ్డ దెబ్బ పడగానే ఆయన చూపు చెట్ల మీదికి తిప్పుకుంటారు. ఐరన్ అందించడం కూడా ఆ వారం నుంచే మొదలైంది.

మూడడుగుల పట్

కోపం కథ ఒకటి. గ్రీన్ మీద కథ వేరు. మూడడుగుల దూరం నుంచి పట్ (బంతిని గుంతలోకి దొర్లించే చిన్న దెబ్బ) కొట్టేటప్పుడు ఆయన కుడి మణికట్టు ఉలిక్కిపడేది, అదీ బావమరిది చూస్తున్నప్పుడు. ఒంటరిగా సాధన చేస్తే అదే దూరంలో అన్నీ పడతాయి. ఒంటరిగా ఉన్నా ఆ కుదుపు వదలకపోతే నరాల వైద్యుడి దగ్గరికి పంపేదాన్ని. యిప్స్ అని పిలిచే ఆ ఇబ్బంది కొందరిలో కండరాలను నడిపే నాడీ వ్యవస్థకు సంబంధించినదై ఉంటుంది. ఈయనది అలా కాదని నా అంచనా.

చెడ్డ దెబ్బ తర్వాత ఆయనలో ఉద్రేకం ఎక్కువ, శ్రద్ధ తక్కువ. పట్ దగ్గర శ్రద్ధే ఎక్కువ, అదీ తన చేతుల మీద. "మణికట్టు వంగకూడదు, మోచేయి కదలకూడదు" అని తనకు తాను పాఠం చెప్పుకుంటున్నారు. చేయి తిరిగినవారు ఒత్తిడిలో తమ కదలికను ముక్కలు ముక్కలుగా గమనించుకుంటే ఆట చెడుతుందన్న వాదనకు 2001లో బైలాక్, కార్ ప్రచురించిన పరిశోధన బలమిచ్చింది. వారు పరీక్షగా పెట్టింది కూడా గోల్ఫ్ పట్టింగే. అందువల్ల ఈ రెండు చిక్కులకూ "ప్రశాంతంగా ఉండండి" అనే ఒకే మందు పనికిరాదు.

మా క్లినిక్ వరండాలో పచ్చ తివాచీ ముక్క పరిచాం. చివర ఒక స్టీలు గ్లాసు పడుకోబెట్టాం. అసలు హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు, గ్లాసు మూతి అంతకంటే చిన్నది. మామూలుగా కొడితే గ్లాసులోకీ బాగానే పడుతున్నాయి. అప్పుడు ఆయనను మూడు అంతస్తుల మెట్లు గబగబా ఎక్కి దిగి రమ్మన్నాను. గుండె దడదడలాడుతుండగా, నేను, మా రిసెప్షనిస్టు, ఆయన భార్య చూస్తుండగా కొట్టాలి. మొదటిది గోడకు తగిలింది. రెండోది గ్లాసు అంచును తాకి తిరిగి వచ్చింది. యాభై దాటిన మనిషి మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే వాచ్‌మన్ నాలుగుసార్లు వచ్చి చూసి పోయాడు. అతనికి ఏమని చెప్పాలో మాకూ తెలియలేదు. గుండె వేగంగా కొట్టుకోవడం వేరు, చేయి చెడడం వేరు అని ఒంటికి తెలియాలి, ఆ మెట్ల ఉద్దేశం అదే. ఇది అలిపిరి మెట్ల దారిలోనూ పనికొస్తుందా అని ఆయనే అడిగారు. ఏటా నడిచి కొండెక్కే మనిషి. ఆ ఏడాది గాలిగోపురం చేరేదాకా ఒగరుస్తూనే ఊపిరి లెక్క తప్పకుండా ఎక్కారట.

చేతుల మీది ధ్యాసను తప్పించడానికి ఒక లయ కావాలి. పదం ఆయననే ఎంచుకోమన్నాను. కాస్త సిగ్గుపడుతూ "గోవిందా" అన్నారు. పట్టర్ వెనక్కి తీసేటప్పుడు "గో", ముందుకు వచ్చేటప్పుడు "విందా". లయ అచ్చంగా సరిపోయింది. స్వామి పేరు బంతాటకు వాడడం తప్పేమోనని ఆయనకు పీకింది. "కొండ మెట్లెక్కడానికి పనికొచ్చిన పేరు ఇక్కడ పనికిరాదా?" అని ఆయన భార్య తేల్చేశారు. దానితోపాటు చూపు విషయం: కొట్టేముందు ఒకటి రెండు సెకన్లు బంతి వెనుక అంచు మీద చూపు నిలపాలి, కొట్టాక కూడా బంతి ఉన్న చోటునే చూడాలి, పడిందో లేదో చెవితో వినాలి. నేర్పరుల చూపు ఇలా నిలకడగా ఉంటుందని జోన్ వికర్స్ 1992లో పట్టింగ్ మీదే చూపించారు. తల ఎత్తి హోల్ వైపు చూడాలన్న ఆత్రం ఆయనను నెలల తరబడి వదలలేదు. చూపును నిలపడం, "గోవిందా" లయలో పట్టర్ ఆడించడం రెండూ కలిసి కుదరడానికి చాలా కాలమే పట్టింది.

నవ్వేవారు ఎవరు

కొన్నాళ్లకు గాని అడుగున ఉన్నది బయటపడలేదు. ఆయన తండ్రి మామిడి తోట రైతు. కాయ బండికెత్తి మండీకి తెచ్చి, కొనేవాడు చెప్పిన ధరకు తల ఊపి పోయిన మనిషి. ఇప్పుడు కొడుకు ఆడేది కొనేవారితో, బ్యాంకు పెద్దలతో. బంతి నీళ్లలో పడ్డ ప్రతిసారీ, "వీడికి ఈ ఆట ఎందుకు?" అని వారు అనుకుంటున్నారని ఆయన నమ్మకం. పైకి కోపంగా కనిపించేది లోపల చిన్నతనం.

వాదించి లాభం లేదు. ఒక పరీక్ష పెట్టాం. ఆట ముగిశాక టిఫిన్ దగ్గర ఆయన తన జట్టువారిని ఒక్కటే అడగాలి: "ఈ రోజు నేను అన్నిటికంటే చెడగొట్టిన హోల్ ఏది?" అడిగారు. ఒకరు పదమూడో హోల్ అన్నారు. అక్కడ ఈయన పార్ కొట్టారు. మరొకరు గుర్తులేదని, తాను పదకొండో హోల్‌లో రెండడుగుల పట్ తప్పిన బాధను ఇడ్లీ చల్లారేదాకా వర్ణించారు. బావమరిది మాత్రం సరిగ్గా చెప్పాడు. "వాడికి గుర్తుంటుందని నాకు ముందే తెలుసు" అన్నారు ఈయన, మొదటిసారి ఈ విషయంలో నవ్వుతూ. నలుగురి చూపు తనమీదే ఉందన్న నమ్మకం ఒక్క బావమరిది మీదికి కుదించుకుపోయింది. అది ఇంటి సంగతి, గోల్ఫ్‌తో తీరేది కాదని అక్కడితో వదిలేశాం.

ఇప్పుడు

స్కోరు తగ్గింది గాని ఆయన ఊహించినంత కాదు. తొంభైల చివరి నుంచి తొంభైల మొదటికి వచ్చింది. పెద్ద అంకెలున్న గడుల పక్కన మళ్లీ పెద్ద అంకె రావడం మాత్రం బాగా తగ్గింది. ప్రశాంతంగా ఆడితే గెలుస్తామన్న హామీ ఏదీ లేదని మొదటే చెప్పి ఉంచాను. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అప్పటికి ప్రపంచ ర్యాంకుల్లో 200వ స్థానంలో ఉన్న బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ చివరి రోజు దాకా నిబ్బరంగా ఆడి, ఒక్క స్ట్రోకు తేడాతో పతకం అందుకోలేక నాలుగో స్థానంలో నిలిచింది. మరోవైపు ఉత్తర ఐర్లాండ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ 2011 మాస్టర్స్ పోటీలో నాలుగు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజు మొదలుపెట్టి 80 కొట్టి కుప్పకూలాడు. 2025 మాస్టర్స్ చివరి రోజున మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ (పార్ కంటే రెండు దెబ్బలు ఎక్కువ) చేసి, ఉన్న ఆధిక్యం పోగొట్టుకుని కూడా, ప్లేఆఫ్‌లో జస్టిన్ రోజ్‌ను ఓడించాడు. ఆ ఆట మా పెద్దమనిషి టీవీలో తెల్లవారుజాము దాకా చూశారు. "మొదటి హోల్ లాటును పక్కన పెట్టేశాడు మేడమ్" అని మెసేజ్ పంపారు.

జారిపోయిన రోజూ ఒకటుంది. కాయ ధర మీద రైతులతో చర్చలు తెగక, సీజను ముగిశాక ఆడిన తొలి ఆదివారం రెండో హోల్‌లో ఆయన గట్టిగా అరిచారు. పక్క ఫెయిర్‌వే వారు ఆగి చూశారు. క్లబ్బు మాత్రం చేతిలోనే ఉంది, ఆ తర్వాత మూడో టీ మీద ఏడో నంబరు ఐరన్ తీశారు. ఆ కార్డులో రెండో గడిలో 7, మూడో గడిలో 5 ఉన్నాయి. సెషన్లు ఇప్పుడు లేవు. అవసరమైతే ఫోను చేస్తారు.

ఇది విని, బెంగళూరులో పిల్లలకు గోల్ఫ్ నేర్పే ఒక శిక్షకుడు ఇదే పద్ధతి తన పిల్లలకూ నేర్పమని అడిగారు. సంచీ, లాటు, ఊపిరి లెక్క పిల్లలకూ అర్థమవుతాయి. అయితే ఆయన పంపిన వీడియోల్లో చెడ్డ దెబ్బ కొట్టిన ప్రతి పిల్లవాడూ ముందు బంతి వైపు కాక, తాడు అవతల నిలబడిన తండ్రి వైపు చూస్తున్నాడు. కాబట్టి మొదటి సమావేశం తండ్రులతో పెట్టమన్నాను. పిల్లలతో మాట్లాడడం ఆ తర్వాత.